రేకులు విప్పిన రోజు

మొదటి రేకు లేవగానే పొయ్యి మీద ఎండ పడింది.

శంకరమ్మ రొట్టె తట్టడం ఆపలేదు. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పొయ్యి ఎండ ముఖం చూసింది లేదు. పొగ మాత్రం కొత్త దారిని చప్పున పసిగట్టి నిటారుగా పైకి పోయింది. ఇన్నేళ్లు ఇల్లంతా తిరిగి కళ్లు మండించిన పొగకు, కప్పు పోతున్న రోజున బుద్ధి వచ్చింది.

"అత్తమ్మా, జర ఇటు జరుగు. మీద మట్టి వడ్తాంది," అంది కోడలు శోభారాణి గడప అవతల నిలబడి.

శంకరమ్మ జరగలేదు. పిండి పళ్లెం మీద కొంగు కప్పి ఇంకో ముద్ద తీసుకుంది.

పైన గండయ్య పానా తిప్పుతున్నాడు. తుప్పు పట్టిన బోల్టు కీచుమంటోంది. నిన్న పెద్దమనుషుల ముందర మాట ఇచ్చి వచ్చాడు, పొద్దున్నే చాయ్ కూడా తాగకుండా నిచ్చెన వేశాడు. ఈ మధ్యలో పెళ్లాంతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట ఇచ్చేముందు అడగనివాడు ఇచ్చాక ఏం చెబుతాడు?

మాట చిన్నదే. "మంద ఉంచుకుంటే ఇల్లు తియ్యాలె. ఇల్లు ఉండాల్నంటే మంద అమ్మాలె. ఆదివారం లోపల తేల్చుకో గండయ్యా," అన్నారు పెద్దమనుషులు. గండయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "ఇల్లు ఇప్పుకుంట," అన్నాడట. గడువు ఇచ్చినవాళ్లే బిత్తరపోయారట. ఈ సంగతి కూడా శంకరమ్మకు మొగుడి నోట తెలియలేదు. చాయ్ హోటల్ దగ్గర విని కోడలు వచ్చి చెప్పింది.

విన్నప్పటి నుంచి ఆమెకు ఏమీ అనిపించడం లేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపమైనా వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. ఎప్పుడో మేడ్చల్‌లో పన్ను పీకించుకున్నప్పుడు, సూది వేశాక దవడ తనది కానట్టు అయిపోయింది. ఇప్పుడు ఒళ్లంతా అలాగే ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"మామా, ఆదివారం దాంక టైమున్నది గద. గింత జల్దీ ఏముండె?" శోభారాణి తలెత్తి అడిగింది.

"మిరుగం దగ్గరికొచ్చింది. వానలు వడకముందే ఆడ దొడ్డి లేవాలె. ఈనేటి గొర్లున్నయి. పిల్లలు తడిస్తే నిలవయి."

"మరి మనం తడిస్తే?"

పైన పానా మళ్లీ తిరిగింది. ఇంకో బోల్టు ఊడి వచ్చి, గిన్నెల మధ్య పడి దొర్లింది.

శోభారాణి కడుపు మీద చెయ్యి వేసుకుని అత్త వైపు చూసింది. నెలలు నిండుతున్న పిల్ల. మందలో ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో వేళ్ల మీద చెప్పగల గండయ్యకు, ఇంట్లో కోడలి సంగతి గుర్తులేక కాదు. గుర్తు చేసుకుంటే చెయ్యి ఆగుతుంది.

"ఆడ" అంటే శామీర్‌పేట అవతల, శంకరమ్మ తమ్ముడు మల్లేష్ చెలక. రాళ్ల చెలక. అందులో మందను ఉంచుకోమన్నాడు మల్లేష్. మందను మాత్రమే. మనుషులకు చోటుందనీ అనలేదు, లేదనీ అనలేదు. మనుషులకు మచ్చ బొల్లారంలో గది చూడాలని కోడలి ఆలోచన. మొన్న పోయి చూసి కూడా వచ్చింది.

"ఎందరుంటరు అన్నది ఇంటామె. నలుగురం అన్న. ఏం పని చేస్తరు అన్నది. మా ఆయిన ఆటో నడుపుతడు, మామ గొర్లు కాస్తడు అన్న. గంతే, తలుపుల నిలవడి లోపటికి కూడ రానియ్యలే. గొర్లు ఈడికి రావమ్మా అని చెప్పినా ఇంటదా? వాసనొస్తదట. వాసన గొర్లకుంటది గని మాకుంటదా అత్తమ్మా?"

శంకరమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. వేళ్ల కొనలు పెనాన్ని తాకి అక్కడే ఉండిపోయాయి.

"అత్తమ్మా! చెయ్యి!"

అప్పుడు చూసుకుంది. రెండు వేళ్ల మీద తోలు తెల్లగా లేచింది. నొప్పి తెలియలేదు. వేళ్లను కొంగుకు తుడుచుకుని రొట్టెను గిన్నెలో వేసింది.

పైనుంచి గండయ్య గొంతు వినిపించింది. పొద్దున నుంచి పెళ్లాంతో మాట్లాడిన మొదటి మాట.

"సూశినవా? పొద్దున పోరడు అడగకముందే కట్టె వట్టిండు. ఆటో నడిపి నడిపి గొర్లను మర్చిండనుకున్న. మర్వలే." గొంతులో సంబరం దాగలేదు. "మంద ముంగట నడుస్తుంటే మా నాయిన నడక లెక్కనే ఉండె."

శంకరమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. మంట చల్లారింది.

కొడుకు కట్టె ఎందుకు పట్టాడో ఆమెకు తెలుసు.

తెల్లవారుతూనే దొడ్డి దగ్గర జైపాల్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. దుండిగల్ దారిలో షేర్ ఆటో నడుపుకునే కొడుకు దొడ్డిలో కాలు పెట్టి ఎన్నాళ్లయిందో. చెప్పులకు పెంట అంటుతుందని మూతి విరిచే మనిషి, ఆ పూట తడి పెంటలోనే నిలబడ్డాడు.

"అమ్మా, ఇయ్యాల మంద నేను తోల్కవోత. రింగు రోడ్డు బ్రిడ్జి కాడికి గొర్ల బేపారి డీసీఎం బండి తెస్తడు. అన్ని ఎక్కిచ్చి పంపిస్త. నాయినకు చెప్పకు."

ఆమె గొర్రెల వైపు చూస్తోంది.

"నాయినకు బాధైతది, నాకు తెల్వదా? కని శోభను గీ టైంల ఏడికి తోల్కపోవాలె? మంద లేకపోతే పక్క చేను ఎలీషాకు మన ఇంటితోని పనేంది? ఇల్లు మిగుల్తది. నువ్వొక్క పని చెయ్యి. నాయినను రేకులు ఇప్పనియ్యకు. ఎట్లనన్న ఆపు."

ఆమె ఊఁ అనలేదు. ఉహూఁ అనలేదు. జైపాల్ ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా మూటగట్టుకుని మందను తోలుకుపోయాడు. గొర్రెలకేం తెలుసు. కట్టె ఇంటి మనిషిదే కనుక వెంట నడిచాయి.

కొడుకు మంద అమ్మి ఇల్లు నిలబెడతానంటున్నాడు. మొగుడు ఇల్లు విప్పి మందను నిలబెడతానంటున్నాడు. ఇద్దరి సంగతీ తెలిసినది తానొక్కతే. ఏదో ఒకటి అనాలి, వెంటనే అనాలి. ఆ సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది, ఎవరో ఆమెకు చెబుతున్నట్టు. నోరు మాత్రం పెగలడం లేదు.

రెండో రేకు వదులైంది. గండయ్య దాన్ని అంచుదాకా జరిపి, "వట్టుకో బిడ్డా," అన్నాడు. శోభారాణి చేతులెత్తింది.

"ఆగు వదినె, నువ్వెందుకు వడ్తున్నవ్?"

కంచె అవతల పైపు సవరిస్తున్న ఎలీషా పరుగున వచ్చాడు. ఈ ఇంటికి జాగ ఇచ్చిన సాలోమోను వాళ్ల కొడుకు. ఎడమ చేతికి కట్టు. పోయిన వారం మంద గొడవలో జైపాల్ కొట్టిన దెబ్బకు వాచిన చేయి అదే. కుడి చేత్తో రేకు అంచు పట్టుకుని మెల్లగా నేలకు దించాడు.

"నువ్వు వట్టకు," అన్నాడు గండయ్య పైనుంచి.

"ఆమె కడుపుతోని ఉన్నది చిన్నాయినా."

"మా ఇంటి సంగతి మేం జూసుకుంటం. నువ్వు తియ్యమన్నవ్, తీస్తున్న."

ఎలీషా ముఖం ఎర్రబడింది. "నేను ఇల్లు తియ్యమన్ననా? మంద తియ్యమన్న. ఇల్లుండనియ్యి అని అందరి ముంగట అన్న. నువ్వు ఇనలేదా?"

"రెండొకటే."

"ఎట్లొకటే?"

గండయ్య ఇంకో బోల్టుకు పానా తగిలించాడు. ఎలీషా కాసేపు తలెత్తి నిలబడ్డాడు. తర్వాత శంకరమ్మ వైపు తిరిగి, "చిన్నమ్మా, నువ్వన్న చెప్పు," అన్నాడు. ఆమె రొట్టెల గిన్నె మీద మూత పెట్టింది. అతను వెనక్కి పోయి పైపు పట్టుకున్నాడు. నీళ్లు పచ్చగడ్డి మీద సన్నగా చిమ్ముతున్నాయి. మధ్య మధ్య గొర్రెలు మేసి తొక్కిన చోట్ల ఎర్రమట్టి పుండ్లు పడ్డట్టు కనిపిస్తోంది.

ఈ గొడవంతా ఆ గడ్డి కోసమే.

ఎలీషమ్మ వచ్చేసరికి ఇంటి కప్పు సగం పోయింది. సాలోమోను భార్య, ఎలీషా తల్లి. తెల్ల చీర, చేతిలో స్టీలు డబ్బా. ఎప్పుడూ కేకేస్తూ వచ్చే మనిషి, ఈసారి వెనక దొడ్డి వైపు నుంచి చప్పుడు లేకుండా వచ్చి, శంకరమ్మ పక్కన కూర్చుంది. నెత్తి మీద ఆకాశం కనిపించేసరికి కొంగు సరిచేసుకుంది.

"పప్పు తెచ్చిన," అంది.

"రొట్టెలున్నయక్కా."

"రొట్టెలల్ల తినుండ్రి."

డబ్బా ఇద్దరి మధ్య ఉండిపోయింది. పైన పానా చప్పుడు కాసేపు ఆగింది. ఎవరు వచ్చారో గండయ్య చూసినట్టున్నాడు. మళ్లీ మొదలైంది.

"మీ అన్న నిన్నటి సంది ముద్ద ముట్టలే," అంది ఎలీషమ్మ. సాలోమోను సంగతి. "ప్రార్థన చేస్తనంటడు, కూసుంటడు, లేస్తడు. కొడుకును ఏమనలేడు, దోస్తును ఏమనలేడు. ఎటు కాకుండ పోయిండు."

శంకరమ్మ కాలిన వేళ్లను చూసుకుంటోంది.

"చెల్లె, గీ జాగ ఎవలిచ్చిండ్రో యాదికున్నదా?"

యాది లేకేం. గండయ్య తల్లి మందతో సాలోమోను వాళ్ల చేనులో ఉన్నప్పుడు, వానలో, గెట్టు మీద నొప్పులు వచ్చాయి. సాలోమోను తల్లి చీర అడ్డం కట్టి పురుడు పోసింది. ఆ పుట్టిన బిడ్డ గండయ్య. బాలింతను అక్కడి నుంచి కదలనివ్వకుండా, "ఇగ ఏడికి వోతవ్, ఈడనే గుడిసేసుకో," అందట ఆ తల్లి. దానికి బదులుగా ఇంకేమీ అడగలేదు. ఏటేటా కోతలు కాగానే మంద మొదట తమ చేనులో పడుకోవాలి, అంతే. గొర్రెలు రాత్రి పడుకున్న నేలకు వేరే ఎరువు అక్కర్లేదు. అప్పటి నుంచి ఏ ఏడూ తప్పలేదు. మంద తోలేముందు అడగడం లేదు, వద్దనడం లేదు. గుడిసె రేకుల ఇల్లయింది, చుట్టుపక్కల చేలన్నీ ప్రహరీ గోడల వెనక్కి పోయాయి. ఈ రెండిళ్ల మధ్య ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

"నీ అత్తకు మా అత్త ఇచ్చింది," అంది ఎలీషమ్మ. "మగోళ్లు ఇచ్చుకున్నది గాదు. మరి తీసుకునేతందుకు మగోళ్లెవలు? నిన్నెవలన్న అడిగిండ్రా?"

"ఎవ్వలడగలే."

"నేను అడుగుతున్న. చెప్పు. ఇల్లు గావాల్నా, మంద గావాల్నా?"

శంకరమ్మ నిజంగానే వెతుక్కుంది. లోపల ఏమీ దొరకలేదు.

"తెల్వదక్కా."

"తెల్వదంటే ఎట్ల? నెత్తి మీది రేకులు వోతుంటే రొట్టెలు చేసుకుంట కూసుంటవా? ఏడ్వు. తిట్టు. నన్నన్న తిట్టు!"

"నిన్నెందుకు తిడ్త?"

"నా కొడుకు చేసిన పనికి." ఎలీషమ్మ గొంతు తగ్గించింది. "కని వాని దిక్కు నుంచి కూడ జూడు చెల్లె. మక్క ఏస్తే పందులు మిగిలిస్తలేవు. టమాట ఏస్తే కోత కూలి కూడ వస్తలేదు. బౌరంపేట్ దిక్కు విల్లా ఇండ్లకు కార్పెట్ గడ్డి గావాలంటరట, పలకలు పలకలు కోసి పట్కవోతరట. వాడు పోయి నేర్చుకొని వచ్చి పెట్టిండు. బిడ్డను సాకినట్టు సాకిండు దాన్ని. తెల్లారి చూస్తే మంద పండుకొని ఉన్నది. వాని కడుపు మండదా?"

"మండుతది."

"ఒక్క మాట అడిగితే పోతుండె గద. గండయ్య ఒక్క మాట అడిగి తోలితే ఏమైతుండె?"

"ఏ ఏడన్న అడిగినమా?"

"ఏ ఏడు గడ్డి పెట్టినం? నీళ్లు వెట్టవడ్తిమి, పైపులేస్తిమి. మీ కండ్ల ముంగటనే గద. పంటని తెల్వదా?"

"గడ్డి పంటెట్లయితదక్కా?"

శంకరమ్మ గొంతు కొంచెం పెద్దదయింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"గడ్డికి నీళ్లు వెడ్తరని మాకెవలు చెప్పిండ్రు? మనుషులు తినరు, బర్లకు కొయ్యరు. మరి ఎవలికని అనుకుంటం? మక్క ఏసే చేన్ల గడ్డి వెడితే ఎవలికోసమనుకుంటం?"

ఎలీషమ్మకు అర్థం కాలేదు. "ఎవలికోసమనుకున్నరు?"

శంకరమ్మ పైకి చూసింది. గండయ్య ఇంటి అవతలి కొసన ఉన్నాడు. వినిపించదు.

"ఆ పొద్దు మేపి వచ్చినంక గెట్టు మీద నిలవడి చాన సేపు చూసిండు. లోపటికొచ్చి అంటడు, 'సాలోమోనన్న ఈ ఏడు మన గొర్ల కోసం గడ్డి వెంచిండే. చుట్టు మేతంత గోడలల్ల వోయిందని ఎరుకై, నాకు చెప్పకుంట పెంచిండు. గసొంటి మనిషి దొరుకుతడా' అని. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. మందను ఎంత సంబురంగ తోలిండో. పొద్దుగూకంగ తోలిండు, ఇంటికొచ్చి బువ్వ కూడ మంచిగ తిన్నడు."

ఎలీషమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీ మాట నిన్న ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తడు? గందరి ముంగట? నా కోసం పెంచిండనుకున్న అని? నవ్వరా?"

"నవ్వుతుండిరి," అని ఒప్పుకుంది ఎలీషమ్మ. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి. శంకరమ్మ కళ్లు పొడిగానే ఉన్నాయి.

పైన ఇంకో రేకు లేచింది. ఎండ జరిగి ఇద్దరి ఒళ్లో పడింది.

ఎలీషమ్మ దిగ్గున లేచింది. డబ్బా సంగతి కూడా మర్చిపోయింది. "మీ అన్నకు చెప్త. ఎలీషాకు కూడ చెప్త, వాడింటడా ఇనడా దేవునికెరుక. మీ అన్నను తోల్కొని వస్త. అప్పటిదాంక ఏం చెయ్యకుండ్రి. విన్నవా చెల్లె? ఆపు గాయనను. నేనొచ్చేదాంక ఆపు!"

ఆపు. పొద్దున కొడుకు కూడా అదే మాట అని పోయాడు. అందరూ ఆమెనే ఆపమంటారు. పనులు మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఎవరికీ ఆమె గుర్తుకు రాదు.

ఎలీషమ్మ గెట్టు మీద పడుతూ లేస్తూ పోవడం తలుపులోంచి కనిపించింది. తలుపు ఇంకా ఉంది. దాన్ని ఆఖరున విప్పుతాడు కాబోలు.

శంకరమ్మ లేచి గోడ పట్టుకుని నిలబడింది. ఆపాలి. ఏమని ఆపాలి? సాలోమోనన్న వస్తున్నాడని చెప్పవచ్చు. నువ్వు దాచుకున్న మాట నేను చెప్పేశానని చెప్పాలి అప్పుడు. దానికి ముందు ఇంకోటి చెప్పాలి. నీ నాయన నడక నడుస్తూ పోయిన కొడుకు ఎటు పోయాడో చెప్పాలి. అది చెబితే ఈ మనిషి పైనుంచి దూకినా దూకుతాడు.

చెప్పకపోతే?

చెప్పకపోతే సాయంత్రానికి మందా ఉండదు, కప్పూ ఉండదు. మంద కోసం విప్పిన రేకులు ఉంటాయి. ఇంటి కోసం అమ్మిన మంద ఎక్కడో ఉంటుంది. కోడలు ఈ నాలుగు గోడల మధ్య, ఆకాశం కింద కూర్చుంటుంది. గెట్టు మీద మళ్లీ పురుడు పోయాల్సి వస్తే, ఈసారి చీర అడ్డం కట్టేదెవరు?

ఆ ఆలోచన వచ్చాక గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. పొద్దున నుంచి అది ఉందనే తెలియలేదు.

"ఇగో," అని పిలిచింది. గొంతు ఆమె గొంతులా లేదు. గండయ్యకు వినపడలేదు.

అప్పుడే గూట్లో ఫోన్ మోగింది.

చిన్న బటన్ల ఫోన్. ఆమెకు ఎత్తడం ఒక్కటే వచ్చు. ఎత్తగానే జైపాల్ గొంతు ఇల్లంతా వినపడింది. ఆ ఫోన్‌కు గుట్టు దాచడం చేతకాదు.

"అమ్మా, డీసీఎం వచ్చింది. సగం ఎక్కిచ్చినం." రోడ్డు మీద బండ్ల చప్పుడు, మధ్యలో గొర్రెల అరుపులు. "ముసలి గొర్రె ఎక్కుతలేదమ్మా. కాళ్లు తన్నివట్టింది. నా దిక్కే చూస్తుంది." పొద్దున ఉన్న ధైర్యం ఆ గొంతులో లేదు. "ఎక్కియ్యాల్నా? చెప్పమ్మా. నువ్వు ఊఁ అంటే ఎక్కిస్త, తలుపేస్త. నాయిన రేకులు ముట్టలే గద?"

పానా కీచులో ఫోన్ మాటలేవీ అందని గండయ్య అదే సమయంలో పైనుంచి వంగి చూశాడు. గోడల మధ్య నిలబడ్డ పెళ్లాం నెత్తి మీద ఒక్క రేకే మిగిలి ఉంది. అతని ముఖమంతా తుప్పు, చెమట. ఎందుకో పానా పట్టిన చెయ్యి ఆగింది. పొద్దున నుంచి ఒక్కసారీ అడగనివాడు, ఆఖరి రేకు దగ్గర అడిగాడు.

"ఇది గూడ తియ్యాల్నా?"

చెవిలో కొడుకు. నెత్తి మీద మొగుడు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ ఒక్కసారీ ఆమెను అడిగింది లేదు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఆపు," అంది శంకరమ్మ.

ఫోన్‌లో అనలేదు, పైకి చూసీ అనలేదు. ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ అంది. ఇద్దరికీ వినిపించింది.

"ఆపుండ్రి. ఒక్కలు గాదు, ఇద్దరాపుండ్రి."

ఫోన్‌లో జైపాల్ ఎవరితోనో "ఆగుండ్రన్నా, ఆగుండ్రి," అంటున్నాడు. అవతల ఎవరో గట్టిగా కసురుతున్నారు. పైన పానా చప్పుడు లేదు. గడప దగ్గరకు వచ్చిన శోభారాణి ఒక్క అడుగు లోపలికి వేసి ఆగిపోయింది.

శంకరమ్మకు అప్పుడు వేళ్లు మండడం మొదలైంది. పొద్దున కాలిన వేళ్లు. ఫోన్ ఆ వేళ్లతోనే పట్టుకుని ఉంది. మంట మోచేతిదాకా పాకుతోంది. చెయ్యి మార్చుకోవాలని కూడా తోచలేదు.

"ఇద్దరెవలు?" అన్నాడు గండయ్య.

ఆమె ఫోన్ కిందికి దించింది.

"ఏమే, నిన్నే. ఫోన్ల ఎవలు?"

"నీ కొడుకు."

"మంద కాడ ఏమన్నైందా? కుక్కలు వడ్డయా?" పానా పక్కన పెట్టి నిచ్చెన వైపు జరుగుతున్నాడు. భయం మంద కోసమే.

"కుక్కలు గాదు," అంది శంకరమ్మ. మాట ఒకటి బయటికి వచ్చాక మిగిలినవి వాటంతట అవే వచ్చాయి. "రింగు రోడ్డు కాడ ఉన్నడు. బేపారి బండి దెచ్చిండు. మందను ఎక్కిస్తున్నడు. సగం ఎక్కిచ్చిండట. నాకు పొద్దటి సంది ఎరుకే."

గండయ్య నిచ్చెన మెట్టు మీద పెట్టబోయిన కాలు మళ్లీ పైకి తీసుకున్నాడు. దూలం మీద కూర్చున్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు.

"పొద్దటి సందా?" అన్నాడు మెల్లగా.

"ఆఁ."

"నేను గా మాట అన్నప్పుడు గూడనా? మా నాయిన నడక లెక్క ఉన్నదని?"

"ఆఁ. అప్పుడు గూడ."

గెట్టు మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఎవరో ఒక్కరే వస్తున్నారు. ఎలీషమ్మో, సాలోమోనో, ఎలీషానో శంకరమ్మ తిరిగి చూడలేదు. ఆమె మొగుడినే చూస్తోంది. ఫోన్‌లో జైపాల్ "అమ్మా, నాయిన విన్నడా? అమ్మా?" అంటున్నాడు. అతని గొంతు వెనక గొర్రెలు అరుస్తున్నాయి, ఎక్కినవీ, ఎక్కనివీ.

గండయ్య దూలం మీద నుంచి కదలకుండా ఆ అరుపులు వింటున్నాడు.